నా కొప్పుకూ ఆ కాన్పుకూ సంబంధం లేదు

నేను కొప్పు విప్పితే ఒక బిడ్డ పుట్టిందని ధర్మవరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చీరల అంగడికి పోయినా, బస్టాండులో నిలబడినా ఎవరో ఒకామె నా మొహం వదిలేసి నా తల వెనక్కు చూస్తుంది. "ఆ సిస్టరమ్మ ఈమే" అని పక్కామెకు మోచేత్తో పొడిచి చెబుతుంది. ఆ కథలో పిల్లకు నొప్పులు ఆగిపోతాయి, డాక్టరమ్మ చేతులెత్తేస్తుంది, అప్పుడు నేను వచ్చి తలముడి విప్పి జుట్టు విదిలిస్తాను, బిడ్డ కేరుమంటుంది. నా జుట్టు నేలను తాకిందని కూడా ఈమధ్య ఎవరో చేర్చారు. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ నా జుట్టు భుజాలు దాటి పెద్దగా దిగలేదు. నేను చదివిన బీఎస్సీ నర్సింగులో కొప్పు గురించి పాఠమూ లేదు.

అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. లేబర్ రూములో కొత్తగా చేరిన అమ్మాయిలకూ, మొదటి కాన్పు దగ్గర పడుతుంటే ఫోనులో వీడియోలు చూసి బెదిరిపోతున్న పిల్లలకూ పనికొస్తుంది. పెనుకొండలో ఉద్యోగం మొదలుపెట్టి, హిందూపురంలో ఎక్కువ కాలం చేసి, చివరి పోస్టింగు ధర్మవరం వైపు ఒక చిన్న ఆసుపత్రిలో చేశాను. మోకాళ్లు మొరాయిస్తే గడువు కంటే ముందే ఉద్యోగం మానేశాను. నోరు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

ముందు సినిమా కాన్పు సంగతి తేల్చేయాలి. సినిమాలో ఉమ్మనీరు పోతుంది, పిల్ల ఒక్క కేక పెడుతుంది, ఎవరో "వేడినీళ్లు తీసుకురండి" అని అరుస్తారు, వెంటనే మూడునెలల బిడ్డంత బిడ్డ పుడుతుంది. ఆ వేడినీళ్లు ఎందుకో ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు. మేమెప్పుడూ అడగలేదు కూడా. నిజం కాన్పు అంత తొందరలో ఉండదు. మొదటి కాన్పయితే ఒక పగలో రాత్రో దాని మీద పోతుంది. నొప్పి నడుము దగ్గర మొదలై ముందుకు చుట్టుకొని, కడుపు రాయిలా బిగిసి, మళ్లీ వదిలేస్తుంది. వదిలేసిన ఆ విరామంలో పిల్ల మామూలు మనిషే. మంచినీళ్లు తాగుతుంది, నడుస్తుంది, ఒక కునుకు కూడా తీస్తుంది. రెండు నొప్పుల మధ్య మొగుణ్ణి తిట్టే ఓపిక ఉందంటే చాలావరకు అంతా సవ్యంగా ఉన్నట్టే. నొప్పికీ నొప్పికీ మధ్య దూరం తగ్గేకొద్దీ తిట్లు తగ్గుతాయి, పని పెరుగుతుంది. మేము ఆ దూరం చూస్తాం, బిడ్డ గుండె చప్పుడు వింటాం, తల ఎంత కిందికి దిగిందో చేత్తో తెలుసుకుంటాం. మిగతాదంతా ఓర్పు. నాకు అది తక్కువని అందరూ అంటారు. కాన్పు గదిలో తప్ప.

ఆ పిల్లది కర్ణాటక సరిహద్దులో ఉండే అగళి. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి కోడలుగా వచ్చింది. మా దగ్గర మొదటి కాన్పు పుట్టింటి లెక్క, కానీ ఈ పిల్లకు పుట్టింట్లో తల్లి లేదు. చిన్నప్పుడే ఆ తల్లి కడుపులో ఏదో గడ్డకు ఆపరేషనుకని పోయి తిరిగి రాలేదు. అందుకే అత్తే తోడు వచ్చింది. లేటు వయసులో కన్న కొడుకు కాబట్టి అత్తకు జుట్టంతా తెలుపు, వీధి మొత్తం ఆమెను అవ్వ అంటుంది. నేనూ అదే అంటాను.

మధ్యాహ్నం డ్యూటీకి వచ్చేసరికి పొద్దుటి సిస్టరు నాకు అప్పగిస్తూ చెప్పింది.

"అక్కా, పొద్దున బాగా వచ్చిన నొప్పులు చల్లబడినాయి. దారి సగం తెరుచుకొని ఆడికే ఆగిపోయింది. బిడ్డ గుండె బాగుండాది. పిల్ల మాత్రం నోరే తెరవదు."

నోరు తెరవకపోవడానికి కారణం నాకు మంచం దగ్గరికి పోగానే కనిపించింది. కారణం చేతిలో ఫ్లాస్కు పట్టుకొని నిలబడి ఉంది.

"ఏం పాపా, ఏమన్నా తిన్నావా?" అని పిల్లను అడిగాను.

"రాగిజావ తాగిందమ్మా," అంది అవ్వ.

"నొప్పి యాడ వస్తాండాది?"

"నడుములోనే. నాకూ అట్లనే వస్తాండె."

"ఒంటికి పోయొచ్చినావా?"

"పోయొచ్చింది, పోయొచ్చింది."

"అవ్వా, కాన్పు నీకా ఆ పిల్లకా?"

"నాకెప్పుడో అయిపోయినాయిలేమ్మా," అంది అవ్వ, ఏమాత్రం నొచ్చుకోకుండా. "ఏదన్నా ఉంటే నన్నడుగు. ఆ పిల్లకు ఏం తెల్సు?"

పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసి గోడ వైపు తిరిగింది. నొప్పి వచ్చినప్పుడల్లా కాళ్లు రెండూ దగ్గరికి బిగించి, ఏదో పడిపోతుందేమో అన్నట్టు మంచం అంచు పట్టుకుంటోంది. కాన్పు పిల్ల బిగుసుకోవడం సాధారణమే. భయపడినా బిగుసుకుంటారు, సిగ్గుపడినా బిగుసుకుంటారు. ఇది ఏ రకమో నాకు అప్పటికి అందలేదు.

అవ్వకు మాత్రం రోగం ఏమిటో తెలిసిపోయింది. ముడులు. కాన్పు ఆగిందంటే ఎక్కడో ఏదో ముడిపడి ఉందని ఆమె లెక్క. మా వైపు పాత ఇళ్లలో ఈ మాట ఉంది. నొప్పులు వస్తుంటే ఇంట్లో తాళాలు తీస్తారు, పెట్టె మూతలు ఎత్తుతారు, పిల్ల జడ విప్పుతారు. అవ్వ పొద్దుననుంచీ అదే పని మీద ఉందట. పిల్ల జడ విప్పింది. మొలతాడు విప్పించింది. తెచ్చుకున్న సంచుల మూతులు విప్పింది. కిటికీ కర్టెనుకు కట్టిన దారం విప్పితే అది జారి ఆయమ్మ తల మీద పడింది. ఆయమ్మ అంటే మా వార్డులో ఊడ్చి, తుడిచి, పిల్లల్ని లేపి నడిపించి, ఊరి సంగతులన్నీ మోసుకొచ్చే మనిషి. బయట వరండాలో కొడుకు ప్యాంటుకు బెల్టు ఉంటే అదీ తీయించింది. ఆ అబ్బాయి బక్కపలచన. ఒక చేత్తో ప్యాంటు పట్టుకొని, ఇంకో చేత్తో ఫోను పట్టుకొని తిరుగుతున్నాడు.

"ఏమబ్బా, బెల్టు పెట్టుకోరాదా?" అని ఆయమ్మ అడిగితే, "అమ్మ ఊరుకోదక్కా. బిడ్డ పుట్టినాకనే పెట్టుకోమనింది," అన్నాడు.

చివరికి అవ్వ కళ్లు మందుల బీరువా తాళం మీద పడ్డాయి.

"అది తియ్యి సిస్టరమ్మా."

"మందుల బీరువా అవ్వా. అది తీసిపెడితే నా ఉద్యోగానికి తాళం పడుతుంది."

"అయితే నీ కొప్పు విప్పు."

"నా కొప్పు నీ కోడలికి ఏం అడ్డమొచ్చింది?"

"బిడ్డను పట్టుకునే చెయ్యి నీదే కదా? నీ తలలోనే ముడి పెట్టుకొని ఉంటే బిడ్డ ఎట్ల వస్తాది?"

నేను వాదనలో ఓడిపోయే రకం కాదు. శరీరశాస్త్రం మొదలుపెట్టాను. ఆమె నా వెనక్కు వచ్చి క్లిప్పులు ఎన్ని ఉన్నాయో చూస్తోంది. ఇంతలో డాక్టరమ్మ వచ్చింది.

డాక్టరమ్మ వయసులో చిన్నది, చదువు పూర్తిచేసి కొత్తగా వచ్చింది. కథలో చెప్పినట్టు చేతులెత్తేయలేదు. పిల్లను పరీక్షించింది, బిడ్డ గుండె నిదానంగా వింది, తర్వాత నన్ను పక్కకు పిలిచింది.

"సిస్టర్, తల్లీబిడ్డా ఇప్పటికి బాగున్నారు. కానీ తల దిగడం లేదు. సాయంత్రం వరకు చూద్దాం. కదలిక లేకపోతే వన్ నాట్ ఎయిట్ పిలిచి పెద్దాసుపత్రికి పంపిద్దాం. ఆపరేషన్ అవసరం కావచ్చు."

ఆమె చెప్పింది సరైన మాట. ఒకటి స్పష్టంగా రాస్తాను, దీని మీద నాతో ఎవరూ తగాదాకు రావద్దు. ఆపరేషను కావలసినప్పుడు ఆపరేషను బిడ్డనూ తల్లినీ కాపాడుతుంది. మామూలు కాన్పే గొప్ప అని పతకం తగిలించుకునే వాళ్లంటే నాకు చిరాకు. కావలసిన రోగికి ఆలస్యం చేయకూడదు, అక్కర్లేని రోగికి తొందరపడకూడదు. మా పనంతా ఈ రెంటి మధ్య నడకే.

అయితే గది చిన్నది. పక్కకు పిలిచి చెప్పినా ఆపరేషన్ అన్న మాట మంచం దాకా పోయింది. అంతసేపూ మాట్లాడని పిల్ల లేచి కూర్చుంది. అవ్వ చెయ్యి పట్టుకొని, "వద్దు అత్తా. మా అమ్మ పోయింది గదా ఆడికి. నన్ను పంపించొద్దు," అని వణికింది. ఆ పిల్లకు తెలిసిన ఆపరేషన్ థియేటరు లోపలికి పోయే తలుపే తప్ప బయటికి వచ్చే తలుపు లేని గది.

అవ్వ కాసేపు ఏమీ అనలేదు. అది మామూలు విషయం కాదు. కోడలి చెయ్యి నిమురుతూ ఆమె మొహం చూసింది, నా మొహం చూసింది. తర్వాత ఫ్లాస్కు కింద పెట్టింది.

"సిస్టరమ్మా, ఇంటికాడ తాళాలు ఉండాయి. పెట్టె ఉండాది. మగ్గం మీద పడుగు దారాలకు అతుకు ముడులు ఉండాయి. నేను పోయి అన్నీ విప్పొస్తా. నువ్వు ఈడ నీ కొప్పు విప్పు."

ఆమె గది వదిలి పోతానంటే నేను కొప్పేమిటి, గుండు చేయించుకోవడానికైనా సిద్ధంగా ఉన్నాను.

"నువ్వు గడప దాటు అవ్వా, నేను విప్పుతా."

"నా ముందర విప్పు."

విప్పాను. క్లిప్పులు ఆయమ్మ చేతిలో పెట్టాను. అవ్వ తృప్తిగా తల ఊపి, తలుపు దగ్గర ఆగి కోడలితో అంది: "సిస్టరమ్మ ఎట్ల చెప్తే అట్ల చెయ్యి మే. నేను ల్యాను అనుకో." ఆ మాట చెప్పి వెళ్లిపోయింది.

ఆమె చెప్పులు వరండా దాటగానే జుట్టంతా టోపీలోకి దోపేశాను. లేబర్ రూములో జుట్టు విరబోసుకొని తిరిగే నర్సును నేనైతే బయటికి పంపుతాను. అంటే కథలో నేలను తాకిన ఆ జుట్టు బయటి గాలి చూసింది ఒక ఆవలింతంత సేపు. బిడ్డ పుట్టింది ఆ తర్వాత చాలాసేపటికి. లెక్క మీరే చూసుకోండి.

మంచం పక్కన స్టూలు లాక్కొని కూర్చున్నాను. హిందూపురంలో పనిచేసిన రోజుల్లో అగళి, మడకశిర వైపు పిల్లలతో సగం తెలుగు, సగం కన్నడ మాట్లాడటం అలవాటైంది. "ఏనమ్మా, హేళు," అన్నాను. ఏంటో చెప్పమ్మా అని. చేత్తో పొత్తికడుపు కింది భాగం తాకితే అక్కడ మెత్తగా, గుండ్రంగా ఒక ఉబ్బు. బిడ్డ తల కాదది.

పిల్ల అటూ ఇటూ చూసి, గుసగుసగా చెప్పింది. "ఒంటికి పోవాల మేడం. తెల్లారిన కాడ్నుంచి పోల్యా."

"మీ అత్త పోయొచ్చింది అనిందే?"

"అత్తే పోవద్దనింది. పోతే బిడ్డ ఆడే జారిపోతాదంట. వాళ్ల వీధిలో ఎవరికో అట్లయిందంట. అందుకే పట్టుకోని ఉండా. నొప్పి వచ్చినా గట్టిగా పట్టుకోని ఉండా."

ఇదీ ముడి. నేను మొత్తుకునేది ఇదే. మూత్రపు సంచి బిడ్డ తల దిగే దారికి ముందే ఉంటుంది. అది నిండి ఉబ్బితే గుమ్మంలో ఎవరో బాసింపట్టు వేసుకొని కూర్చున్నట్టే, లోపలి మనిషి బయటికి రాలేదు. దానికి తోడు ఆ పిల్ల ప్రతి నొప్పికీ కిందికి వదలాల్సింది పోయి పైకి బిగబడుతోంది. పొద్దుననుంచీ ఒళ్లు ఒక వైపు లాగుతుంటే, అత్త మాట ఇంకో వైపు లాగుతోంది.

"జారిపోవడమా?" అన్నాను. "ఇంతమందిమి రా రా అని బతిమాలుతుంటేనే రావడం ల్యా. లెయ్యి."

నేనొక వైపు, ఆయమ్మ ఒక వైపు పట్టుకొని బాత్రూముకు తీసుకుపోయాం. తలుపు ఓరగా వేసి బయట నిలబడ్డాం. ఎంతకీ ఆగదే. ఆయమ్మ నా వైపు తిరిగి, "చెరువు నిండి మరవ పారినట్టుండాది కదక్కా," అంది. లోపలినుంచి నవ్వు వినిపించింది. ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

తర్వాత మంచం ఎక్కనివ్వలేదు. వరండాలో నడిపించాను. మొగుడు ఒక చేత్తో ప్యాంటు, ఒక చేత్తో పెళ్లాం భుజం పట్టుకొని పక్కన నడిచాడు. ఆ చివర నుంచి ఈ చివరకు రెండు మూడుసార్లు తిరిగారో లేదో ఆ పిల్ల గోడకు ఆనుకొని ఆగింది. నొప్పి. మళ్లీ నడక. మళ్లీ నొప్పి, ఈసారి ఇంకొంచెం గట్టిగా. కాళ్లు దగ్గరికి పెట్టుకోవడం మానేసింది. నోటితో గాలి వదలమంటే వదిలింది, మూలగమంటే మూలిగింది.

ఇక్కడినుంచి ఏం జరుగుతుందో పిల్లలకు ఎవరూ చెప్పరు, సిగ్గు. నేను చెబుతాను. ఒళ్లు వణుకుతుంది, చలి లేకపోయినా. వాంతి కావచ్చు. ఒకసారి ఎవరూ ముట్టుకోవద్దంటారు, మరుక్షణం చెయ్యి వదలొద్దంటారు. చివరికి వచ్చేసరికి ప్రతి పిల్లా ఒకే మాట అంటుంది, "నావల్ల కాదు" అని. ఆ మాట విని చుట్టాలు ఏడుస్తారు, మేము గ్లవ్సు తొడుక్కుంటాం. చాలాసార్లు పని దాదాపు అయిపోవచ్చిందని దానర్థం. ఈ పిల్ల ఆ మాట కన్నడంలో అంది, దాంతోపాటు మొగుడి గురించి ఇంకొన్ని మాటలు కూడా అంది. తెలుగులో అనలేదు కాబట్టి ఆయమ్మ బాగా బాధపడింది.

తర్వాత ముక్కాలనిపిస్తుంది, విరేచనానికి పోవాలనిపించినట్టు. నిజంగానే కాస్త పోవచ్చు కూడా. దానికి ఎవరూ చచ్చిపోయేంత సిగ్గుపడాల్సిన పనిలేదు. మేము తుడిచేస్తాం, సాయంత్రం మా ఇంట్లో ఏం కూర అని మాట్లాడుకుంటూనే తుడిచేస్తాం. మంచం తల వైపు ఎత్తి, వీపుకు దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. పాదాలు గట్టిగా ఆనించింది. డాక్టరమ్మ పక్కనే ఉండి ప్రతి నొప్పి తర్వాతా బిడ్డ గుండె వింటోంది. తల కనిపించాక ముక్కొద్దు, ఊదు ఊదు అన్నాం. అక్కడ తొందరపడితే చర్మం చిరుగుతుంది. మంట పుడుతుంది, అదీ కాసేపే. తల వచ్చింది, భుజం తిరిగింది, మిగతా మనిషి చేపలా జారిపోయింది.

ఆడబిడ్డ. ఒక తుమ్ము తుమ్మి, ఏడ్చింది. తుడిచి తల్లి గుండెల మీద వేశాం. పిల్ల దానికేసి చూసి, "ఇదేనా?" అని అడిగింది. ఇంతసేపూ పట్టుకొని ఉన్నది ఇదేనా అన్నట్టు. ఆ తర్వాత మాయ కూడా రావాలి. బిడ్డ పుట్టిందని పని అయిపోలేదు. అది మొత్తంగా వచ్చిందా, రక్తం ఎంత పోతోంది, చూసుకున్నాకే ఊపిరి పీల్చాలి. చూసుకున్నాం. డాక్టరమ్మ చిన్న కుట్లు వేసి, తలెత్తి నన్ను చూసి, "సిస్టర్, మీ టోపీ ఏమిటి అంత ఉబ్బింది?" అంది.

ఆయమ్మ అవ్వను పిలుచుకొస్తానని పోయింది. వాళ్ల ఇల్లు రైల్వే గేటు అవతల. ఆటోకు పోయినా ఇప్పుడప్పుడే వచ్చేది కాదనుకున్నాను. ఆయమ్మ వెంటనే తిరిగి వచ్చింది.

"అక్కా, అవ్వ ఇంటికి పోనే ల్యా. మన గేటు ఎదురుగా టీ అంగడి బల్ల మీద కూచోనుండాది. ఈడ్నుంచి పోయిన కాడ్నుంచి ఆడే ఉండాదంట. అంగడాయన చెప్పినాడు."

అవ్వ లోపలికి వచ్చింది. మనవరాలిని ఎత్తుకుంది. కోడలి నుదురు తుడిచింది.

"తాళాలన్నీ తీసొచ్చినావా అవ్వా?" అన్నాను.

"తీసినాలేమ్మా," అంది, బిడ్డ మీదనుంచి చూపు తిప్పకుండా. తర్వాత పక్క మంచాల వాళ్లకు వినపడేలా, "మా సిస్టరమ్మ కొప్పు విప్పింది చూడండి, బంగారం మాదిరి బిడ్డ వచ్చేసింది," అని మొదలుపెట్టింది. బిడ్డ ఇంకా మొదటి పాలు తాగలేదు, కథ అప్పుడే వార్డు దాటిపోయింది. ఆయమ్మ దాన్ని ఊళ్లోకి చేరవేసింది. జుట్టు పొడుగు పెంచింది కూడా ఆమేనని నా అనుమానం.

ఇంటికి పోయే రోజు మొగుడు బెల్టు పెట్టుకొని నిటారుగా నిలబడి ఉంటే, ఊరికే అడిగాను, "ఏమప్పా, మీ ఇంటికాడ తాళాలు బాగా తీసి ఉంచినారా?"

"మా ఇంటికి తాళమే ల్యాదు మేడం," అన్నాడు. "మగ్గం ఆడే ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. తాళమెందుకు?"

ఆ తర్వాత నా బతుకు ఎలా ఉందంటే, నొప్పులతో వచ్చిన ప్రతి పిల్ల వెనకా ఒక అత్తో పెద్దమ్మో నా తల వైపు చూసేది. కనగానపల్లి నుంచి, రామగిరి నుంచి కూడా వచ్చి అడిగారు. మొదట్లో పోట్లాడాను. తర్వాత ఒక పద్ధతి పెట్టాను. విప్పుతాను, కానీ ముందు చుట్టాలంతా బయటికి పోవాలి, పిల్ల ఒంటికి పోయి రావాలి, నేనడిగిన దానికి పిల్లే జవాబు చెప్పాలి. అప్పుడు విప్పుతాను. బాగా పనిచేసింది. చాలామందికి విప్పే అవసరమే రాలేదు. కొత్త సిస్టర్లకు నేను చెప్పేది ఇంతే. జవాబు ఎవరు చెబుతున్నారో చూడండి, నొప్పి పడుతున్న మనిషి కాకపోతే మళ్లీ అడగండి.

ఈమధ్య మేనకోడలి పెళ్లికి చీర కోసం ధర్మవరం పోయి, వెతుక్కుంటూ వాళ్లింటికే వెళ్లాను. ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతోంది. నోరు అచ్చం అవ్వదే. కోడలు మగ్గం మీదనుంచే పలకరించింది. తలుపు చూశాను. నిజమే, గొళ్లెం ఉంది గానీ తాళం లేదు. అవ్వ చీరలు పరిచింది. ఇద్దరమే ఉన్నప్పుడు ముఖం మీదే అడిగాను.

"అవ్వా, ఆ పొద్దు టీ అంగట్లో ఎందుకు కూచున్నావు?"

"ఈ అంచు చూడమ్మా," అంది. "నీ రంగుకు బాగుంటాది."

చీర కొన్నాను, జవాబు రాలేదు. నాకు తెలిసిందల్లా ఇంతే. ఒంటికి పోవద్దని కోడలికి చెప్పింది ఆమే. పోయొచ్చిందని నాకు చెప్పింది కూడా ఆమే. ఆ ఇంట్లో అందరి తరఫునా మాట్లాడే పెద్దమనిషి, అన్న మాటను అందరి ముందూ వెనక్కు తీసుకోవడం అంత సులువా? ఆ పిల్ల వణుకుతూ చెయ్యి పట్టుకున్నప్పుడు అవ్వ కాసేపు మాట్లాడలేదని ముందే రాశాను. ఆ మౌనంలో ఆమెకు ఏం తట్టింది? లేని తాళాలు తీయడానికి లేచిన మనిషి, నిజంగా ముడుల కోసమే లేచిందా, లేక తన మాటను నోటితో వెనక్కు తీసుకోలేక తనే గది బయటికి నడిచిందా?